వరద తగ్గాక ఎవరు ముందుండాలి?

అందరికీ నమస్కారం. ఇంజినీర్లు, రెవెన్యూ ఉద్యోగులు, సర్పంచులు, విద్యార్థులు ఒకేచోట కూర్చుని, విపత్తు తర్వాత జరగాల్సిన పునరుద్ధరణ గురించి వినడం నాకు సంతోషంగా ఉంది. ఈ విషయంలో అసలు కష్టమే అందరూ ఒకచోట కూర్చోకపోవడం.

తుపాను తీరం దాటే ముందు రోజు ఏ కలెక్టరేట్‌లోని కంట్రోల్ రూమ్‌కి వెళ్లినా రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక, విద్యుత్, ఆర్ అండ్ బీ, పౌరసరఫరాలు, ఆరోగ్య శాఖ అన్నీ ఒకే గదిలో ఉంటాయి. ఫలానా మండలానికి చీకటి పడేలోగా జేసీబీలు, చెట్లు కోసే రంపాలు చేరాలని కలెక్టర్ అంటే చేరతాయి. ఫైల్ ఎక్కడుంది, ఏ పద్దు కింద ఖర్చు రాయాలి అని ఆ రాత్రి ఎవరూ అడగరు. మూడు నెలల తర్వాత అదే కలెక్టరేట్‌కి వెళ్లండి. తెగిన రోడ్డు ఒక శాఖ ఫైల్లో, గండి పడిన కట్ట ఇంకో శాఖ ఫైల్లో, కూలిన ఇళ్ల జాబితా మూడో చోట కనిపిస్తాయి. ఈ మూడూ ఒకే ఊరివని చెప్పే కాగితం మాత్రం ఎక్కడా దొరకదు. నేను ఈరోజు మాట్లాడేది ఈ రెండో దశ గురించి.

ముందు మనం సాధించినది చెప్పుకోవాలి. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు. 1999 అక్టోబర్ 29న ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్‌లోనూ మరణాలు పది వేలకు దగ్గరగా వెళ్లాయి. అదే ఒడిశా తీరాన్ని 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తాకినప్పుడు మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. 2019 మేలో ఫని వచ్చినప్పుడు పన్నెండు లక్షల మంది దాకా సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఇదంతా ఊరికే రాలేదు. 1999 దెబ్బ తిన్న ఏడాదే ఒడిశా విపత్తుల కోసం ప్రత్యేక సంస్థను పెట్టుకుంది, 2001లో సొంత రక్షణ దళాన్ని తయారు చేసుకుంది. పదేళ్లకు పైగా షెల్టర్లు కట్టి, ఊళ్లలో కమిటీలు వేసి, ఏటా మాక్ డ్రిల్స్ చేసింది.

2005లో పార్లమెంటు చేసిన విపత్తు నిర్వహణ చట్టం ఈ పద్ధతికి దేశమంతటా ఒక చట్రం ఇచ్చింది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ముఖ్యమంత్రి, కార్యనిర్వాహక కమిటీకి ప్రధాన కార్యదర్శి, జిల్లా సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు. జిల్లా స్థాయిలో ఎన్నికైన స్థానిక ప్రతినిధి, అంటే జిల్లా పరిషత్ అధ్యక్షులు, సహాధ్యక్షులుగా ఉంటారు. ఆ కుర్చీ ఉందన్న సంగతే చాలామందికి గుర్తుండదు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు, దానికి మళ్లీ వస్తాను.

ప్రాణాలు కాపాడే దశలో శాఖలు ఎందుకు కలిసి పనిచేస్తాయి? ఎదురుగా ఒకే గడియారం ఉంటుంది కాబట్టి. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే అందరికీ గడువు ఒక్కటే అవుతుంది, మాట చెప్పే మనిషీ ఒక్కరే ఉంటారు. తుపాను దాటిపోయాక ఆ గడియారం ఆగిపోతుంది. ఎవరి బడ్జెట్ వాళ్లది, ఎవరి టెండర్ వాళ్లది, ఎవరి హెడ్ ఆఫీసు వాళ్లది.

కలిసి చేయకపోతే ఏమవుతుందో మొదటి వారంలోనే తెలుస్తుంది. కరెంటు లేకపోతే మోటార్లు తిరగవు, మోటార్లు తిరగకపోతే ఓవర్‌హెడ్ ట్యాంకు నిండదు. సెల్ టవర్ బ్యాటరీ అయిపోయాక డీజిల్ మీద నడవాలి, ఆ డీజిల్ రావాలంటే రోడ్డు మీద పడ్డ చెట్లు తీయాలి. అంటే నీళ్ల శాఖ పని విద్యుత్ శాఖ చేతిలో, ఫోన్ కంపెనీ పని ఆర్ అండ్ బీ చేతిలో ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు ఒక పెద్ద నగరం మొత్తం ఈ గొలుసులో చిక్కుకుంది. స్తంభాలు, వైర్లు, ఫోన్లు అన్నీ ఒకేసారి పోయాయి. అందుకే ముందు ఏ ఫీడర్‌ని, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఏ లైన్‌ని, లేపాలో విద్యుత్ శాఖ ఒక్కటే కూర్చుని నిర్ణయించకూడదు. ఆసుపత్రి ఏ ఫీడర్ మీద ఉంది, మంచినీటి పంప్‌హౌస్ దేని మీద ఉంది, టవర్లు ఎక్కడున్నాయి అన్న జాబితా వానాకాలానికి ముందే ఒక చోట రాసి ఉండాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు, నాలుగు శాఖల వాళ్లు ఒక పూట కూర్చుంటే అయిపోతుంది.

ఇక్కడ ఒక కల్వర్టు గురించి కాస్త వివరంగా చెప్తాను. ఏ ఊరైనా అనుకోండి. రోడ్డు పంచాయతీరాజ్‌ది. దాని కింద పారే డ్రెయిన్ జలవనరుల శాఖది. రోడ్డు పక్క స్తంభాలు డిస్కంవి, అంటే విద్యుత్ పంపిణీ సంస్థవి. ఎగువన చెరువు ఉంది, ఆ చెరువు అలుగు దారిలో ఈమధ్య ప్లాట్లు వేశారు, ఆ లేఅవుట్ సంగతి వేరే ఆఫీసు చూస్తుంది. పెద్ద వాన పడి కల్వర్టు కొట్టుకుపోయింది. పంచాయతీరాజ్ ఇంజినీరు వచ్చి కొలతలు తీసుకుని, గతంలో ఉన్నట్టే రెండు పైపులు వేసి రోడ్డు కలపడానికి ఎస్టిమేట్ రాస్తారు. ఆ పైపులు చాలవని ఆయనకు తెలుసు. కానీ సహాయ నిధి నియమాలు ఒప్పుకునేది తక్షణ మరమ్మతుకే. పెద్ద తూములు వేయాలంటే వేరే పద్దు, వేరే మంజూరు, వేరే ఏడాది. ఆయన్ని తప్పుపట్టలేం. డ్రెయిన్‌లో పూడిక తీయాలని ఇంకో శాఖ రాసుకుంటుంది, డబ్బులు రాక ఆగుతుంది. స్తంభాలు మళ్లీ అదే గట్టు మీద పాతుతారు. రెండేళ్లకో మూడేళ్లకో ఇంకో పెద్ద వాన వస్తుంది, అదే చోట తెగుతుంది. ఏ ఏడు ఎక్కడ తెగిందో ఆ ఊరి పెద్దవాళ్లని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. మన ఎస్టిమేట్‌లో ఆ సమాచారం రాసే గడే లేదు.

ఇందులో ప్రతి శాఖా తన పని సరిగ్గానే చేసింది, అయినా పని జరగలేదు. సమన్వయం లేకపోవడం అంటే నాకు అర్థమైంది ఇదే.

డబ్బు సంగతి కొస్తే, 15వ ఆర్థిక సంఘం ఒక మంచి మార్పు తెచ్చింది. 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులకు మొత్తం 1,60,153 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 20 శాతం ఉపశమనానికి, అంటే ముందుగానే ముప్పు తగ్గించే పనులకు విడిగా పెట్టింది. మిగతా 80లో తక్షణ సహాయానికి 40, పునరుద్ధరణ, పునర్నిర్మాణానికి 30, సన్నద్ధతకు 10. అంతకుముందు విపత్తు నిధి అంటే దాదాపుగా సహాయమే. సాధారణ రాష్ట్రాలకు ఇందులో కేంద్రం వాటా 75 శాతం. అయితే ఏ పద్దులో ఎంత ఉందో తెలిసినంత మాత్రాన ఖర్చు కాదు. ఉపశమన నిధికి ప్రతిపాదన తయారు చేయాలంటే రెండు మూడు శాఖలు ఒకే డీపీఆర్ మీద, అంటే సవివర ప్రాజెక్టు నివేదిక మీద, సంతకం పెట్టాలి. మన దగ్గర అదే జరగదు. నష్టపరిహారం కోసం ఎన్యూమరేషన్, అంటే నష్టాల నమోదు, రోజుల్లో పూర్తి చేసే యంత్రాంగం, ఉమ్మడి డీపీఆర్ దగ్గరికి వచ్చేసరికి నెలల తరబడి ఆగిపోతుంది. పంట 33 శాతానికి మించి పోయిందా లేదా అని పొలం పొలం తిరిగి రాయగలిగిన వాళ్లు, ఆ పొలం ఎందుకు మునిగిందో కూడా అదే రోజు రాయగలరు. మనం అడగడం లేదు అంతే.

చేసి చూపించిన చోట్లూ ఉన్నాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వస్తే గుజరాత్ రెండు వారాలు తిరక్కముందే విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసింది. ఇల్లు కట్టుకునే బాధ్యత ఇంటి యజమానికే ఇచ్చి, డబ్బు విడతలుగా వేసింది. భూకంపాన్ని తట్టుకునేలా కట్టారని ఇంజినీరు సర్టిఫై చేశాకే తర్వాతి విడత. సాయం చేసే చెయ్యి, నాణ్యత చూసే కన్ను ఒకే వ్యవస్థలో ఉన్నాయి. హుద్‌హుద్ తర్వాత మన రాష్ట్రం కూడా 2015లో ప్రపంచ బ్యాంకు నుంచి 25 కోట్ల డాలర్ల రుణంతో పునరుద్ధరణ ప్రాజెక్టు పెట్టుకుని, విశాఖలో కరెంటు తీగలను భూమిలోకి దించే పని చేపట్టింది. పడిన స్తంభాన్ని మళ్లీ నిలబెట్టడంతో సరిపెట్టుకోలేదు. అలా ఎందుకు సాధ్యమైంది? ప్రాజెక్టుకు ఒక యూనిట్ ఉంది, దానికి ఒక డైరెక్టర్, ఒక గడువు, శాఖలన్నింటికీ డబ్బు వెళ్లే ఒకే దారి ఉన్నాయి. 2018 వరదల తర్వాత కేరళ కూడా ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి అన్ని రంగాల అవసరాల్నీ ఒకే నివేదికగా లెక్కకట్టింది, దాదాపు 31,000 కోట్లు తేలింది. శాఖలవారీగా చిట్టాలు పంపితే ఆ మొత్తం బొమ్మ ఎప్పటికీ వచ్చేది కాదు.

2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడ చూశాం. ఒకవైపు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ వరద, ఇంకోవైపు బుడమేరు. బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి బ్యారేజీ ఎగువన కృష్ణలో కలపాలి. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, సింగ్ నగర్ లాంటి కాలనీలు మునిగాయి. ఆ గండ్లు పూడ్చడానికి సైన్యం సాయం కూడా తీసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ నది గేట్లు ఒకరివి, కాలువ గట్టు ఇంకొకరిది, దిగువన వాగు దారిలో ఇళ్లకు అనుమతులు మరొకరివి, ఆ ఇళ్లకు కరెంటు, నీళ్ల కనెక్షన్ ఇచ్చింది వేరొకరు. వాగును ఆక్రమించారని పేదవాళ్లని తిట్టడం నాకు న్యాయంగా అనిపించదు. ప్రతి కనెక్షన్‌కీ ఒక ప్రభుత్వ రశీదు ఉంటుంది కదా.

2025లో సవరించిన చట్టం రాజధానులకు, కార్పొరేషన్లున్న నగరాలకు ప్రత్యేక పట్టణ విపత్తు సంస్థలు ఏర్పాటు చేసుకునే వీలు ఇచ్చింది. మంచిదే. కానీ వాగు నగర సరిహద్దు దగ్గర పుట్టదు, దాని ఎగువ మండలాలు ఆ సంస్థ పరిధిలో ఉండవు. నగర సంస్థతో పాటు ఆ వాగు పరీవాహక ప్రాంతం మొత్తాన్ని చూసే ఒక టీమ్ లేకపోతే ఇంకో బోర్డు తగిలించినట్టే అవుతుంది.

నేను అడిగేవి పెద్ద పనులు కావు. తుపాను, వరద తర్వాత కలెక్టర్ రోజువారీ పనుల్లోకి వెళ్లిపోతారు, వెళ్లక తప్పదు. అందుకని మొదటిది, ప్రతి పెద్ద విపత్తుకూ ఒక పునరుద్ధరణ అధికారిని కనీసం రెండేళ్లు బదిలీ చేయకుండా పెట్టాలి. పునర్నిర్మాణ పద్దూ, ఉపశమన పద్దూ ఆ మనిషి చేతి మీదుగా నడవాలి. రెండోది, ఎన్యూమరేషన్ ఫారంలో మూడు గళ్లు కలపాలి: నీరు ఎంత ఎత్తుకు వచ్చింది, ఇదే చోట ఇంతకుముందు ఎప్పుడు తెగింది, ఎగువన ఏ శాఖ ఆస్తి ఉంది. వీఆర్వో, ఇంజినీరు, సర్పంచ్ ముగ్గురూ దాని మీద సంతకం పెట్టాలి. మూడోది, జిల్లా పరిషత్ అధ్యక్షుల కుర్చీ. ఆ సహాధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్లు వానాకాలానికి ముందు మే నెలలో సమావేశం పెట్టమని కలెక్టర్‌ని అడగవచ్చు, గత విపత్తులో తెగిన కల్వర్టుల జాబితా ఆ టేబుల్ మీద పెట్టమనవచ్చు. ఇక్కడున్న సర్పంచులు మీ జిల్లా పరిషత్ అధ్యక్షులకు ఒక లేఖ రాయండి. మీ ఊళ్లో తెగిన చోటు, తెగిన ఏడు, దాని మీద ఎన్నిసార్లు ఖర్చు పెట్టారో రాసి జత చేయండి. ఎలా రాయాలో కావాలంటే సభ అయ్యాక కూర్చుందాం, నమూనా ఇక్కడే తయారు చేద్దాం.