పిల్లల చేతికి ఎవరి కథ ఇవ్వాలి?

అక్కయ్య: శ్రోతలందరికీ నమస్కారం. ఎదిగే వయసు పిల్లలకు రకరకాల సంస్కృతుల సాహిత్యం చెప్తూ, 'నేనెవరు' అనే ప్రశ్న దగ్గరికి వాళ్ళను ఎలా తీసుకువెళ్ళాలన్నది పోయిన వారం ప్రకటించిన విషయం. మాస్టారు ఆరు వారాల పాఠ ప్రణాళికతో వచ్చారు.

మాస్టారు: ప్రణాళిక క్లుప్తంగా చెప్తాను అక్కయ్యా. తొమ్మిదో తరగతికి సాండ్రా సిస్నెరోస్ నవల 'ద హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్' ఎంచుకున్నాను. అది 1984లో వచ్చింది. షికాగోలోని ఒక పేదవాడలో ఎస్పెరాంజా అనే మెక్సికన్ అమెరికన్ అమ్మాయి ఎదిగే తీరును సిస్నెరోస్ 44 చిన్న అధ్యాయాల్లో రాశారు. తరగతిలో రోజుకు ఒకటో రెండో గట్టిగా చదవాలి. చదివాక ఉపాధ్యాయుడు నోరు విప్పకుండా, పిల్లలు తమకు తోచింది కాసేపు రాసుకోవాలి. మొదటి అధ్యాయంలోనే, ఎస్పెరాంజా బడికి చెందిన సిస్టర్, అంటే క్రైస్తవ సన్యాసిని ఒకరు ఆ దారిన వెళ్తూ, రంగు ఊడిపోయిన అద్దె ఇంటి మూడో అంతస్తును చూసి, నువ్వు ఉండేది అక్కడా అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగిన తీరుకే ఆ పిల్ల కుంచించుకుపోతుంది. కంటితో చదివితే అది మామూలు ప్రశ్నలా దాటిపోతుంది. గట్టిగా చదివినప్పుడే, ఆ గొంతులో ఏముందో పిల్లలకు తెలుస్తుంది.

అక్కయ్య: గట్టిగా చదవడం గురించి మీరు చెప్పని వారం లేదు, చెప్తూనే ఉండండి. నాకు మాత్రం అంతకంటే ముందున్న ప్రశ్న ముఖ్యం. ఏ పిల్లకు ఏ పుస్తకం అందుతోంది? పిల్లల సాహిత్యం మీద పనిచేసిన అమెరికన్ పండితురాలు రూడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన వ్యాసంలో, పుస్తకం కొన్నిసార్లు ఇతరుల లోకాన్ని చూపే కిటికీ అవుతుందనీ, కొన్నిసార్లు మన బతుకునే మనకు చూపే అద్దం అవుతుందనీ అన్నారు. తమ ముఖం ఏ పుస్తకంలోనూ కనబడని పిల్లలు, ఈ సమాజంలో తమకు విలువ లేదన్న పాఠాన్ని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. 1985లో అమెరికాలో వచ్చిన సుమారు 2,500 పిల్లల పుస్తకాల్లో, నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18 మాత్రమేనని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తక కేంద్రం లెక్క తేల్చింది.

మాస్టారు: ఆ లెక్క విన్నప్పుడల్లా నాకూ బాధ కలుగుతుంది. కానీ ఏ అద్దం ఎవరిదో ఉపాధ్యాయుడు నిర్ణయించడం మొదలుపెడితే మరో అన్యాయం జరుగుతుంది. టెక్సస్ నుంచి ఒక తల్లి మనకు రాసిన ఉత్తరం మీరూ చదివారు. డాలస్‌లో పుట్టి పెరిగిన ఆమె కొడుక్కి, ఇది మీ వాళ్ళ కథ అంటూ ఉత్తర భారతంలోని ఒక పల్లెటూరి నవల ఇచ్చారట. ఆ అబ్బాయికి అది ఎంత దూరపు లోకమో, పక్కనున్న పిల్లలకూ అంతే దూరం. పిల్లవాణ్ణి పిల్లవాడిగా చూడండి, ఒక జాతికి ప్రతినిధిగా నిలబెట్టకండి అన్నదే నా మాట.

అక్కయ్య: మాస్టారూ, సరిగ్గా ఆ మాటే అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఒక చట్టానికి ఎక్కింది. మీకు తెలిసి కూడా ఆ మాట వాడుతున్నందుకు నాకు కోపం వస్తోంది.

మాస్టారు: నా ఉద్దేశం వేరు. అయినా మీరు చెప్పండి.

అక్కయ్య: అరిజోనాలోని టూసాన్ నగర పాఠశాలల్లో 1998 నుంచి మెక్సికన్ అమెరికన్ అధ్యయనాల తరగతులు నడిచేవి. వాటిలో ఏ జాతి పిల్లలైనా చేరవచ్చు. 2010లో రాష్ట్ర ప్రభుత్వం హెచ్‌బీ 2281 అనే చట్టం చేసింది. విద్యార్థులను వ్యక్తులుగా చూడకుండా జాతి ఐక్యతను ప్రబోధించే తరగతులు నిషిద్ధమని అందులో ఉంది. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! రాష్ట్ర విద్యాశాఖ తానే పురమాయించిన తనిఖీలో, ఆ తరగతులు చట్టాన్ని అతిక్రమించాయనడానికి ఆధారం లేదని తేలింది. అయినా రాష్ట్రం నుంచి వచ్చే నిధుల్లో 10 శాతం ఆపేస్తామని బెదిరించారు. 2012 జనవరిలో కార్యక్రమం మూతపడింది, ఏడు పుస్తకాలు పెట్టెల్లోకెక్కి గోదాముకు చేరాయి. ఆ తరగతుల్లో చదివిన పిల్లలు అంతకుముందు తప్పిన రాష్ట్ర పరీక్షల్లో నెగ్గే అవకాశమూ, బడి చదువు పూర్తి చేసే అవకాశమూ ఎక్కువని తర్వాత అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. నిలకడగా చదువుతున్న పిల్లల చేతుల్లోంచి పుస్తకం లాక్కున్నారు, మాస్టారూ.

మాస్టారు: ఆ చట్టాన్ని నేను ఏ రోజూ సమర్థించలేదు. ఎవరో ఒకరి నోట చెడిపోయిందని మంచి మాటను నేను వదులుకోను. ఆ చట్టం చేసినవాళ్ళు పిల్లల్ని వ్యక్తులుగా చూడలేదు కాబట్టే పుస్తకాలు లాక్కోగలిగారు.

అక్కయ్య: ఈ మాట ఒప్పుకుంటాను. 2017 ఆగస్టులో ఆ చట్టం చేయడం వెనుకా, అమలు చేయడం వెనుకా జాతి ద్వేషమే ఉందని తీర్పు వచ్చింది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి వాలెస్ తషీమా జపనీస్ అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం ఆయనను చిన్నపిల్లవాడిగా ఉండగానే కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో పెట్టింది. ఆ శిబిరం ఉన్నది పోస్టన్‌లో, అదే అరిజోనాలో.

మాస్టారు: ఇది నాకు తెలియదు.

అక్కయ్య: ముఖం చూసి ఒక పిల్లవాణ్ణి గుంపులో కలిపి బంధించడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అందుకే మీ భయాన్ని కూడా నేను తేలిగ్గా తీసుకోను.

మాస్టారు: అలాగైతే నేనూ ఒక మాట ఒప్పుకోవాలి. సిస్నెరోస్ అయోవా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా, ఇల్లు అనే భావన మీద జరిగిన చర్చలో తోటివాళ్ళు చెప్పే ఇళ్ళలో ఒక్కటీ తాను పెరిగిన ఇంటిలాంటిది కాదని గుర్తించారు. ఆ దూరం నుంచే ఈ పుస్తకం మొదలైంది. ఆ తర్వాత షికాగోలో, బడి మానేసి మళ్ళీ చదువుకు వచ్చిన పిల్లలకు పాఠాలు చెప్తూ, వాళ్ళ బతుకులను కూడా ఇందులో కలిపారు. కాబట్టి ఇది ఒక తరగతి గదిలోంచి వచ్చిన పుస్తకమే. కొత్తవాళ్ళు తమ వాడకు వస్తే భయపడతారని చెప్పిన ఎస్పెరాంజా, వేరే రంగు మనుషుల వాడలోకి వెళ్తే తమ మోకాళ్ళూ వణుకుతాయని చెప్పే అధ్యాయం ఒకటుంది. అది అద్దమా, కిటికీనా అని అడగకుండా, గట్టిగా చదివి ఊరుకుంటే చాలు.

అక్కయ్య: చివరి వారాల ప్రణాళిక మీరు ఇంకా చెప్పలేదు.

మాస్టారు: నాలుగో వారం పిల్లలు తమ వీధి గురించి రాయాలి, ఐదో వారం ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయాలి. అవి సులువే. నన్ను నిద్రపోనివ్వనిది ఎర్ర జోకర్ల అధ్యాయం. ఎస్పెరాంజా మీద అత్యాచారం జరిగేది అక్కడే. దాన్ని గట్టిగా చదవకూడదు.

అక్కయ్య: ఈ మాట మీరే అంటున్నారా?

మాస్టారు: నేనే అంటున్నాను. ఆ గదిలో అదే అనుభవించిన పిల్ల ఉండవచ్చు. నలుగురి మధ్య వినక తప్పని స్థితిలో ఆమెను పెట్టే హక్కు నాకు లేదు. కావాలంటే పుస్తకం మూసేసే వీలు ఆమెకు ఉండాలి, ఆ రోజు బడి కౌన్సిలర్ అందుబాటులో ఉండాలి.

అక్కయ్య: కానీ ఆ అధ్యాయంలో ఎస్పెరాంజా కోపం స్నేహితురాలు శాలీ మీదా, తనకు అబద్ధాలు చెప్పిన పుస్తకాల మీదా, పత్రికల మీదా కదా? మనం కూడా గొంతు తగ్గిస్తే ఆ పిల్లను మళ్ళీ ఒంటరిని చేసినట్టే. ముందురోజే తరగతికి విషయం చెప్పి, బయటికి వెళ్ళాలనుకున్నవాళ్ళకు కారణం అడగకుండా వీలిచ్చి, మిగిలినవాళ్ళకు నేను చదువుతాను.

మాస్టారు: లేచి బయటికి వెళ్ళిన పిల్ల వైపు మిగతా ముప్ఫై మంది చూడరా?

అక్కయ్య: అందరూ వెళ్ళగలిగే మరో పని అదే గంటలో గ్రంథాలయంలో పెట్టించండి.

మాస్టారు: అప్పుడు సగం తరగతి అక్కడికే వెళ్తుంది, అక్కయ్యా.

అక్కయ్య: వెళ్ళనివ్వండి. మిగిలిన సగానికి చదువుతాను.