షుగర్ ఉన్నవాళ్లకు పంటి ఇంప్లాంట్ నిలుస్తుందా?

అందరికీ నమస్కారం. కుర్చీలో కూర్చుంటూనే చాలామంది నన్ను అడిగే మాట ఇది: "డాక్టర్ గారూ, నాకు షుగర్ ఉంది. ఇంప్లాంట్ వేయించుకోవచ్చా?" నేను అవుననీ కాదనీ చెప్పకుండా "మూడు నెలల షుగర్ ఎంతుంది?" అని ఎదురు ప్రశ్న వేస్తాను. వాళ్లేమో పొద్దున వేలికి గుచ్చి చూసుకున్న అంకె చెబుతారు. అది ఆ పూట సంగతి. నాక్కావాల్సింది గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ.

ఎందుకంటే, ఇంప్లాంట్ అనేది ఊడిన పంటి చోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు ఎముకలో రక్తప్రసరణ చూద్దామని టైటానియం పరికరం పెట్టారు. పని అయ్యాక తీయబోతే ఊడి రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. ఆయన వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి! 1965లో అదే లోహం మనిషి దవడలోకి వచ్చింది. ఇప్పటికీ మేం చేసేది బిగించడం వరకే. పట్టుకోవాల్సింది మీ ఎముక.

రక్తంలో చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఎముకను కట్టే కణాలు మందగిస్తాయి, సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి, తెల్లరక్తకణాలు క్రిములను సరిగా ఎదుర్కోలేవు. దాంతో పట్టు ఆలస్యమవుతుంది. అలాంటివాళ్లకు పైన పన్ను తొడగడానికి నేను తొందరపడను. షుగర్ అదుపులో ఉన్నవాళ్లలో మాత్రం మొదటి కొన్నేళ్లలో ఇంప్లాంట్లు నిలిచే తీరు షుగర్ లేనివాళ్లలో ఉన్నట్టే దాదాపుగా ఉంటుంది. ఇంత దాటితే కుదరదు అని గీత గీసే అంకె ఏదీ లేదు. హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉంటే నేను ధైర్యంగా మొదలుపెడతాను. 8 దాటితే ముందు మీ షుగర్ డాక్టర్‌ను కలిసి రమ్మంటాను. సిగరెట్ కూడా ఉంటే ఇంకా వెనకాడతాను.

నన్ను నిజంగా భయపెట్టేది ఆపరేషన్ కాదు, తర్వాతి ఏళ్లు. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఉంటుంది. ఇంప్లాంట్‌కు అది లేదు. చిగురులో మొదలైన వాపు ఎముకదాకా త్వరగా పాకుతుంది, అదీ చాలాసార్లు నొప్పి లేకుండానే. షుగర్ ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. "నొప్పి లేదు కదా" అని ఏళ్లకేళ్లు రానివాళ్లకు నేను ఎక్స్‌రే తీసి చూసేసరికి స్క్రూ చుట్టూ ఎముక తరిగిపోయి ఉంటుంది. బ్రష్ చేస్తుంటే ఇంప్లాంట్ దగ్గర రక్తం కనిపిస్తే ఆ వారమే రండి. కనిపించకపోయినా ఆర్నెల్లకోసారి వచ్చి పాచి, గార తీయించుకోండి. ఇందులో అదనపు లాభం కూడా ఉంది: చిగుళ్ల జబ్బుకు చికిత్స చేస్తే హెచ్‌బీఏ1సీ కూడా కొంచెం తగ్గుతుంది.

ఇంకొక్క మాట. ఆపరేషన్ అనగానే కొందరు భయపడి ఏమీ తినకుండా వస్తారు, షుగర్ మాత్ర మాత్రం వేసుకుంటారు. చిగురుకు మత్తు సూది ఇచ్చి చేసే పనికి ఖాళీ కడుపు అక్కర్లేదు. మీ డాక్టర్ చెప్పినట్టే మందు వేసుకుని, తిని, పొద్దున పూటే రండి. కుర్చీలో చెమటలు పట్టినా, చేతులు వణికినా వెంటనే చెప్పండి. ఆ గంటసేపు నాకు ఎక్కువ షుగర్ కన్నా పడిపోయే షుగరే టెన్షన్.

ఇక మీ ప్రశ్నలు అడగండి.