సూపర్‌చార్జర్‌లోకి చెత్త చేరకుండా

మెకానిక్ సోదరులకు, కార్ల యజమానులకు నమస్కారం.

మన గోదావరి జిల్లాల్లో సూపర్‌చార్జర్, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం, ఉన్న కార్లు తక్కువే. ‘కంప్రెసర్’ అన్న పేరుతో వచ్చిన పాత మెర్సిడెస్‌లు, కొన్ని జాగ్వార్లు, ల్యాండ్ రోవర్లు తప్పిస్తే షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా టర్బో డీజిల్ బండ్లే. టర్బో చేసేదీ అదే పని; కాకపోతే అది ఇంజను వదిలే పొగ వేగంతోనూ, సూపర్‌చార్జర్ ఇంజను క్రాంకు నుంచి వచ్చే బెల్టుతోనూ తిరుగుతాయి. గాలితో పాటు చెత్తను మింగితే మాత్రం రెండింటికీ చేటే కనుక, నేను చెప్పేది చాలావరకు టర్బోకూ వర్తిస్తుంది.

1860లో అమెరికాలో రూట్స్ సోదరులు పేటెంటు పొందిన బ్లోయరు (గాలిని నెట్టే యంత్రం) నమూనాయే నేటికీ అనేక సూపర్‌చార్జర్లకు మూలం. అందులో రెండు రోటర్లు ఒకదానికొకటి గానీ, చుట్టూ ఉన్న గోడకు గానీ తగలకుండా తిరుగుతాయి. ఆ సందు మిల్లీమీటరులో చిన్న వంతు. పిస్టనుకు ఉన్నట్టు రింగులు లేవు కాబట్టి, గాలి వెనక్కి జారకుండా ఆపేది ఆ ఇరుకు సందే. ఒక వాషరు పడితే రోటర్లు అక్కడికక్కడే దెబ్బతింటాయి. సన్నని ఇసుక పడితే నెలల తరబడి అల్యూమినియం అరిగి, ఒత్తిడి తగ్గి, గాలి వేడెక్కి, బండి లాగడం లేదన్న ఫిర్యాదుతో మన దగ్గరికి వస్తుంది.

లీటరు పెట్రోలు సరిగా మండడానికి దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలి మన ప్రాంతంలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాళ్వా కోతల రోజుల్లో యంత్రాలు లేపే దుమ్ము, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పొట్టు, కోనసీమలో కొబ్బరి పీచు పొడి. వీటన్నిటికంటే నేను భయపడేది మిల్లు బాయిలర్ల నుంచి ఎగిరే ఊక బూడిదకు. అందులో అత్యధిక భాగం సిలికా. చేతికి మెత్తగా తగిలినా అల్యూమినియాన్ని గీకేస్తుంది. రైసు మిల్లు పక్కనే రోజూ నిలిపే బండికి, కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టరు మార్చాలి.

ఆ ఫిల్టరును కంప్రెసరు గాలితో గట్టిగా ఊదే అలవాటు మనలో చాలామందికి ఉంది. కాగితం మడతల్లో కంటికి ఆనని చిల్లులు పడతాయి. బల్బు ముందు పట్టి చూస్తే కొన్ని బయటపడతాయి. చేల పక్కన నిలిపే బండ్లలో ఎలుకలు ఫిల్టరు ఉండే ఎయిర్ బాక్సులో గూడు పెట్టి కాగితాన్ని కొరికేయడం కూడా మామూలే.

అయితే ఫిల్టరు ఎంత మంచిదైనా, దాని తర్వాతి దారిలో సందు ఉంటే ఫలితం లేదు. ఫిల్టరుకూ సూపర్‌చార్జర్‌కూ మధ్య గొట్టంలో గాలిని లోపలికి పీల్చే లాగుడు ఉంటుంది. పగిలిన హోసు, వదులైన క్లిప్పు అక్కడ దుమ్మును నేరుగా లాగేస్తాయి. ఫిల్టరు తర్వాతి హోసు విప్పి, లోపల వేలితో తుడిచి చూడండి. వేలికి మట్టి అంటితే, కొత్త ఫిల్టరు అమ్మే ముందు ఆ సందు వెతకండి.

మిగిలిన ప్రమాదం మన చేతుల్లోంచే వస్తుంది. గాలి దారిలో ఏ మూత, ఏ గొట్టం విప్పే ముందైనా దాని చుట్టూ తుడవాలి. తెరిచిన నోటిలో తుడుచుకునే బనియన్ వేస్టు గుడ్డ కుక్కవద్దు. దాని పోగులే లోపలికి పోతాయి, పైగా మరిచిపోతే గుడ్డ మొత్తం పోతుంది. బిగుతైన ప్లాస్టిక్ మూత గానీ, వెడల్పాటి టేపు గానీ వాడి, విప్పిన బోల్టులు, వాషర్లు లెక్కపెట్టి పళ్లెంలో ఉంచండి. రక్షణ కోసమని సూపర్‌చార్జర్ నోటికి ఇనప జాలీ బిగించడం నాకు నచ్చదు: అది సన్నని దుమ్మును ఆపదు, అదురుకు తీగ తెగితే ఆ తీగే రోటర్ల మధ్యకు పోతుంది.

పాత సూపర్‌చార్జర్ పగిలి కొత్తది వేస్తున్నప్పుడు ఇంటర్‌కూలరునూ (ఒత్తిడికి వేడెక్కిన గాలిని చల్లార్చే భాగం), గొట్టాలనూ విప్పి కడగాల్సిందే, లోహపు ముక్కలు అక్కడే దాగుతాయి. అంతా బిగించాక, బెల్టు వేయకముందు పుల్లీని చేత్తో నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టినట్టు అనిపించినా, గరగర వినిపించినా ఇంజను స్టార్టు చేయకుండా మళ్లీ విప్పండి.