మరుగున పడ్డ హార్డ్ రాక్ ఎల్పీలు: వినే పద్ధతి

శ్రోతలకు నమస్కారం.

హార్డ్ రాక్ అనగానే డీప్ పర్పుల్, లెడ్ జెప్లిన్, బ్లాక్ సబ్బాత్ గుర్తొస్తాయి. అదే కాలంలో ఒళ్లు దాచుకోకుండా వాయించి, పెద్దగా పేరు రాని బృందాలు ఎన్నో ఉన్నాయి. వాటి ఎల్పీలు, అంటే వరసగా పాటలున్న పెద్ద ప్లేట్లు, చాలావరకు ఇవాళ ఫోన్‌లోనే దొరుకుతాయి. అయితే పెట్టిన రెండు నిమిషాలకే ఆపేసి, ఇందులో ఏముంది అనేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు లోపం వినే ఏర్పాటులో ఉంటుంది. రెండు ఎల్పీలు తీసుకుని ఆ ఏర్పాటు సంగతి చెబుతాను.

మొదటిది కెప్టెన్ బియాండ్. బృందం పేరే ఎల్పీ పేరు. 1972లో వచ్చింది. పాడినవాడు రాడ్ ఎవాన్స్, డీప్ పర్పుల్ తొలి గాయకుడు. గిటార్ లారీ రైన్‌హార్ట్, బేస్ లీ డోర్మన్. ఇద్దరూ ఐరన్ బటర్‌ఫ్లై అనే బృందం నుంచి వచ్చారు. డ్రమ్స్ బాబీ కాల్డ్‌వెల్, అంతకుముందు బ్లూస్ గిటారిస్టు జానీ వింటర్ దగ్గర వాయించాడు. ఇంత అనుభవం ఉన్న నలుగురు కలిసినా రికార్డు ఎందుకు నిలదొక్కుకోలేదు? విడుదల చేసిన కాప్రికార్న్ రికార్డ్స్ అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రం, మేకన్ నగరంలోని సంస్థ. దాని బలమంతా ఆల్‌మన్ బ్రదర్స్ అనే బృందం తరహా బ్లూస్ బాణీలో ఉండేది. అడుగడుగునా లయ మార్చే ఈ సంగీతం ఆ కొట్లో వేరే సరుకు. 1973లో రెండో ఎల్పీ వచ్చేసరికి కాల్డ్‌వెల్ లేడు. ఆ తర్వాత ఎవాన్స్ కూడా వెళ్లిపోయాడు. పేరు నిలబడాలంటే మనుషులు కొన్నేళ్లయినా కలిసి ఉండాలి కదా.

తొలి పాట ‘డ్యాన్సింగ్ మ్యాడ్లీ బ్యాక్‌వర్డ్స్’ డ్రమ్స్‌తో మొదలవుతుంది. మామూలు రాక్ లాగా నాలుగు లెక్కపెడితే తప్పిపోతారు. ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టండి, సరిపోతుంది. కచేరీల్లో ఖండ చాపుకు చేయి వేసిన శ్రోతలకు ఇది కొత్త కాదు, ఐదు లెక్క ఒంటికి పట్టే ఉంటుంది. ఆ లెక్క చిక్కాక గిటార్ ఎక్కడ వచ్చి కలుస్తుందో ముందే తెలుస్తుంది. సగం ఆనందం అక్కడే ఉంది.

ఇక్కడే ఫోన్ మోసం చేస్తుంది. ఈ ఎల్పీలో 13 భాగాలు, మొదటి వైపు ఐదు, రెండో వైపు ఎనిమిది. చాలావరకు ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి పుడతాయి. యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఉంటే ఒక పాట తోక మీద ఇంకో పాట తల ఎక్కి దెబ్బలు కలిసిపోతాయి. దాన్ని సున్నాకు తేవాలి. షఫుల్ తీసేయాలి. పాటల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ అనే మీట ఉంటే వేయాలి. ఎంపీ3 ఫైళ్లయితే ఇంకో చిక్కు ఉంది. ఆ పద్ధతిలో ధ్వనిని 1152 నమూనాల (శాంపిల్స్) ముక్కలుగా కోస్తారు, ఒక్కో ముక్క దాదాపు 26 మిల్లీసెకన్లు. చివరి ముక్క నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతారు. పాటకూ పాటకూ మధ్య చిన్న ఎక్కిలి లాగా వినిపించేది అదే. ధ్వనిలో ఏదీ పోకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లలో ఈ బాధ లేదు.

రెండోది వేల్స్ దేశంలో కార్డిఫ్ నగరానికి చెందిన బడ్జీ. ముగ్గురే మనుషులు: బేస్ వాయిస్తూ పాడే బర్క్ షెల్లీ, గిటార్ టోనీ బోర్జ్, డ్రమ్స్ రే ఫిలిప్స్. వాళ్ల 1973 నాటి మూడో ఎల్పీ ‘నెవర్ టర్న్ యువర్ బ్యాక్ ఆన్ ఎ ఫ్రెండ్’. అందులోని ‘బ్రెడ్‌ఫ్యాన్’ను 1988లో మెటాలికా బృందం మళ్లీ పాడింది కాబట్టి ఆ పాట కొందరికి తెలిసే ఉంటుంది. మూలం ఇంకా గొప్పదని నా గట్టి అభిప్రాయం.

ముగ్గురి బృందాన్ని ఫోన్ స్పీకర్‌లో వినకూడదు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంత కింది స్వరాన్ని ఫోన్‌లోని చిన్న స్పీకర్ పలికించలేదు. రెండో గిటార్ లేదు, కీబోర్డు లేదు. గిటార్ సోలోకు వెళ్లినప్పుడు పాటను మోసేది షెల్లీ బేస్ ఒక్కటే. అది వినపడకపోతే సన్నటి గొంతు, గిటార్ గోల మాత్రం మిగులుతాయి. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, కానీ చెవిలో బిగుతుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే ముందు పోయేది బేసే. ఇంకోటి. ఇందులో గట్టి పాటల మధ్య రెండు చిన్న మెత్తని పాటలున్నాయి. ఒక్కో పాట శబ్దాన్ని విడిగా సమం చేసే అమరిక వేస్తే ఆ మెత్తని పాటలు కూడా అరుస్తాయి. ఆల్బమ్ మొత్తానికి ఒకే కొలత ఉండే అమరిక ఎంచుకోవాలి.

పాత ప్లేటు మీద వినేవాళ్లకు ఒక మాట. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల చొప్పున కదిలితే, లేబుల్ దగ్గర 21కి పడిపోతుంది. అదే ధ్వనిని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించినట్టు. అందుకే చివరి పాటలో ‘స’, ‘ష’ శబ్దాలు చీలతాయి. ఈ ఎల్పీ చివరి పాట ‘పేరెంట్స్’ పదినిమిషాల పాట, షెల్లీ గొంతుకు అగ్నిపరీక్ష. చీలిక వినపడితే ముందు ముల్లు శుభ్రం చేయండి. తర్వాత ముల్లు ప్లేటు మీద మోపే బరువు చూడండి: మామూలు మూవింగ్ మాగ్నెట్ కాట్రిడ్జ్‌లకు (ముల్లును పట్టి ఉంచే భాగాల్లో ఒక రకం) తరచుగా 2 గ్రాముల దరిదాపుల్లో చెబుతారు, మీ దాని కాగితంలో ఏముంటే అదే ఖాయం. తక్కువ పెడితే ప్లేటు బాగుంటుందనుకోవడం పొరపాటు. బరువు చాలని ముల్లు గాడిలో ఎగిరెగిరి గోడల్ని చెక్కేస్తుంది.

ప్లేటు కడగడానికి బోరు నీళ్లు వద్దు, అందులోని లవణాలు ఆరి గాడిలో పేరుకుంటాయి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడగాలి. ఈ రెండో కడుగు మానేస్తే సబ్బు పొర ముల్లుకు అంటుకుని చిటపటలు ఇంకా ఎక్కువవుతాయి. లేబుల్ తడవకూడదు. నిలబెట్టి నీడలో ఆరనివ్వాలి, ఎండ తగిలితే వంగిపోతుంది.

ఈ రెండూ నచ్చితే 1970లో బ్రూక్లిన్ కుర్రాళ్లు చేసిన సర్ లార్డ్ బాల్టిమోర్ తొలి ఎల్పీ ‘కింగ్‌డమ్ కమ్’ పెట్టండి. డ్రమ్స్ వాయించే జాన్ గార్నరే పాడాడు. ఒక చరణం గొంతు మీద, ఇంకో చరణం డ్రమ్స్ మీద చెవి పెట్టి వినండి. రెండూ ఒకే మనిషివి.