నలుగురిలో నిలబడి నాలుగు మాటలు

శ్రోతలందరికీ నమస్కారం.

మన ఊళ్లలో గ్రామసభ అయిపోయిన సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర అసలు సభ మొదలవుతుంది. మా వాడకు మోరీ కావాలని ఒకరు, బడి దగ్గర బస్సు ఆపడం లేదని ఇంకొకరు అంటారు. అన్నీ న్యాయమైన మాటలే. కానీ సభలో లేచి చెప్పలేదు కాబట్టి తీర్మానాల పుస్తకంలోకి ఎక్కలేదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అంటే ఊళ్లో ఉన్న ప్రతి ఓటరుకూ ఏడాదికి ఆరుసార్లు మాట్లాడే అవకాశం ఉన్నట్టే. సభలో మాట్లాడటం నాయకులకో లెక్చరర్లకో సంబంధించిన విద్య అనుకుని మనం ఆ అవకాశాన్ని వదులుకుంటున్నాం.

పత్తి మార్కెట్ సంగతే చూడండి. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. ఈ లెక్క చాలామంది రైతులకు తెలుసు. అయినా ధర తగ్గించినప్పుడు కోపంతో అరిచి వచ్చేస్తారు, లేదంటే తల వంచుకుని ఒప్పుకుంటారు. "మీటర్ ఇంకోసారి పెట్టి చూడండి, ఎంత వచ్చిందో అందరికీ వినపడేలా చెప్పండి" అని నిమ్మళంగా అడిగే రైతు ఒక్కడున్నా, పక్క బండివాళ్లు అతని వెనక నిలబడతారు.

ఇంకో లాభం ఉంది, నాకు అన్నిటికన్నా ఇదే గొప్పదనిపిస్తుంది. ఒక విషయం మీద ఐదు నిమిషాలు మాట్లాడాలని కూర్చుంటే, అందులో మనకు ఏం తెలుసో, ఏం తెలియదో బయటపడుతుంది. వరంగల్, కరీంనగర్ కాలేజీల్లో మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఇంటర్వ్యూలో తడబడే పిల్లలకు నేను చెప్పేది ఇదే. చదివిన పాఠాన్ని రూమ్మేట్‌కు గట్టిగా చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మళ్లీ చదవాలి.

మైకు ముందు గుండె దడదడలాడటం, నోరు ఎండిపోవడం పిరికితనం కాదు. ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను ఊరడం వల్ల అలా అవుతుంది. మాట సాగేకొద్దీ ఆ టెన్షన్ తగ్గుతుంది. అందుకని మొదటి రెండు వాక్యాలు మాత్రం బాగా గుర్తుపెట్టుకుని వెళ్లాలి. మొత్తం బట్టీ పడితే ఒక్క మాట మరిచిపోగానే అన్నీ పోతాయి. లేచే ముందు ఊపిరి నెమ్మదిగా, పూర్తిగా వదలండి. వింటున్నవాళ్లలో తల ఊపే మనిషిని ఒకరిని చూసుకుని వాళ్లతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టండి.

ఆడవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకామె పాట ఎత్తుకుంటే వాడంతా వంత పాడుతుంది. అంతమందిలో గొంతెత్తిన ఆమే పొదుపు సంఘం మీటింగ్‌లో బ్యాంకు సారును వడ్డీ లెక్క అడగడానికి వెనకాడుతుంది. గొంతు లేక కాదు కదా! సొంత మాటను నలుగురిలో పెట్టడం ఎవరూ అలవాటు చేయలేదు.

మన మాట సభకు పనికిరాదన్న జంకు కూడా కొందరిలో ఉంది. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో ప్రసంగం మొదలుపెట్టగానే కొందరు ఎగతాళి చేసి ఆపించారు. ఆ అవమానం నుంచే మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు కలిసి తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పెట్టారు. తర్వాత అదే ఆంధ్ర మహాసభ అయింది. హనుమకొండలో బతికిన మన కవి కాళోజీ కూడా జనం మాట్లాడే మాటలోనే రాశారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కాబట్టి ఇంట్లో మాట్లాడే యాసలోనే మాట్లాడండి. ఇంగ్లిష్ అవసరమైన చోట అది నేర్చుకోవచ్చు, కానీ ధైర్యం మాత్రం ముందు మన మాటలోనే వస్తుంది.

బళ్లలో పనిచేసే సార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. ఉదయం ప్రార్థనలో వార్తలు చదివే అవకాశం ఎప్పుడూ ఆ ముగ్గురు నలుగురు చురుకైన పిల్లలకే ఇవ్వకండి. మాట్లాడని పిల్లలకు వంతులు వేసి, తలా రెండు నిమిషాలు ఇవ్వండి. తడబడినప్పుడు పక్క పిల్లలు నవ్వితే వాళ్లను ఆపి, ఆ బిడ్డను మాట పూర్తి చేయనివ్వండి.

నమస్కారం.