హార్డ్ డిస్క్‌ను విభజించాలా, వద్దా?

శ్రోతలకు నమస్కారం. కొత్త కంప్యూటరు తెరిచి చూస్తే సి డ్రైవ్ ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని రెండుగా విడగొట్టి డి డ్రైవ్ చేసుకోవాలా అన్న సందేహం అప్పుడే మొదలవుతుంది. చేసుకోవలసిందేనని సలహా ఇచ్చేవారు ఎక్కువే గానీ, ఎందుకు చేసుకోవాలో చెప్పేవారు తక్కువ.

ఈ అలవాటు ఒకప్పటి అవసరంలోంచి పుట్టింది. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో హార్డ్ డిస్క్ సామర్థ్యం 10 మెగాబైట్లు. తరువాత డిస్కులు త్వరత్వరగా పెరిగాయి గానీ, విండోస్‌కు ముందు కంప్యూటరును నడిపిన డాస్ వ్యవస్థ ఒక్కో భాగంలో 32 మెగాబైట్లకు మించి లెక్కపెట్టలేకపోయేది కనుక, పెద్ద డిస్కు కొన్నవారు దాన్ని ముక్కలు చేయక తప్పేది కాదు. మొదటి విండోస్ 95 నాటికి ఆ హద్దు 2 గిగాబైట్లకు చేరింది. డిస్కులో ఫైళ్ళను అమర్చడానికి నేటి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో అటువంటి ఇబ్బంది లేదు. అవసరం తీరిపోయినా అలవాటు మాత్రం మిగిలింది.

విభజన వల్ల ప్రయోజనమే లేదని నా అభిప్రాయం కాదు. విండోస్ పాడై సి డ్రైవ్‌ను పూర్తిగా చెరిపి మళ్ళీ ఎక్కించవలసి వస్తే, డి డ్రైవ్‌లోని ఫోటోలు, పత్రాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. అయితే మనం దాచే ఫైళ్ళు మామూలుగా డెస్క్‌టాప్‌కూ, డాక్యుమెంట్స్‌కూ, డౌన్‌లోడ్స్‌కూ చేరతాయి. ఆ మూడూ ఉండేది సి డ్రైవ్‌లోనే. ఆ ఫోల్డర్లను మార్చుకోకుండా డి డ్రైవ్ సృష్టించి ఊరుకుంటే అది ఖాళీగానే పడి ఉంటుంది. ప్రోగ్రాములను డి లో పెట్టుకున్నా లాభం తక్కువే, ఎందుకంటే వాటి నమోదు వివరాలు సి లోని రిజిస్ట్రీ అనే విండోస్ అమరికల పట్టికలో ఉంటాయి గనుక, సి ని చెరిపితే చాలావాటిని తిరిగి ఎక్కించుకోక తప్పదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన భ్రమ, డి డ్రైవ్‌లో పెట్టినది భద్రమని అనుకోవడం. పెట్టెలో ఎన్ని అరలు చేసినా పెట్టె కాలిపోతే అరలన్నీ కాలిపోతాయి; డిస్కు చెడిపోతే సి, డి రెండూ ఒకేసారి పోతాయి. రెండో ప్రతి అంటూ ఉంటే అది వేరే పరికరంలోనే ఉండాలి. వేగం సంగతికొస్తే, తిరిగే పళ్ళేలున్న పాత డిస్కుల్లో వెలుపలి అంచున, అంటే మామూలుగా మొదటి భాగం ఉండే చోట, చదవడం త్వరగా జరుగుతుంది కాబట్టి విభజనకు కొంత అర్థముండేది. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీలో అదీ లేదు.

పని చేసే తీరు కూడా తెలుసుకోవాలి. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ అనే సాధనం తెరిచి, సి పై రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకుంటే, ఎన్ని మెగాబైట్లు తగ్గించాలని అడుగుతుంది. 100 గిగాబైట్లు కావాలంటే 1,02,400 అని వేయాలి. ఖాళీ ఎంతో ఉన్నా కొంతే ఇస్తానంటుంది. కదిలించరాని సిస్టమ్ ఫైళ్ళు అడ్డుపడటమే దానికి కారణం. తగ్గించడం ఇంత సులభమే గానీ పెంచడం అలా కాదు. కొన్నాళ్ళకు అప్‌డేట్లతో సి నిండిపోయి డి సగం ఖాళీగా ఉంటే, ఆ ఖాళీని సి కి కలపాలనిపిస్తుంది. కానీ విండోస్‌లోని ఈ సాధనం సి కి ఆనుకొని కుడివైపున ఉన్న ఖాళీ చోటును మాత్రమే కలుపుతుంది. అందుకోసం డి ని తొలగించాలి, మధ్యలో విండోస్‌ను బాగుచేసుకోవడానికి ఉంచిన రికవరీ విభాగం ఉంటే అప్పటికీ పని జరగదు.

అందుచేత 256 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉన్నవారు దాన్ని ముట్టుకోకుండా, ఫోల్డర్లతోనే సర్దుకోవడం మేలని నేననుకుంటాను. విండోస్‌తో పాటు అలాంటి మరో వ్యవస్థ అయిన లినక్స్ కూడా కావాలనుకునేవారి సంగతి వేరు. వారికి విభజన నిజమైన అవసరం. వారు మొదట ముఖ్యమైన ఫైళ్ళకు బయటి డిస్కులో ప్రతి తీసుకోవాలి. డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవకుండా దాచే బిట్‌లాకర్ తాళం వేసి ఉన్న కంప్యూటరైతే, బూట్ అమరికలు, అంటే కంప్యూటరు మొదలయ్యే తీరు, మారినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు కనుక, అది ఎక్కడుందో చూసుకున్నాకే ఆ పనికి పూనుకోవాలి.