క్రోన్‌స్టాట్ నావికులు ఏమడిగారు?

(గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మా పాత కామ్రేడ్లకు నమస్కారాలు. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ, ఒక్క పేరు మర్చిపోయినా ఆయన ఏడాది పాటు నాతో మాట్లాడరు. అందుకని వదిలేస్తున్నాను.

'రష్యా అంతర్యుద్ధంలో ఎర్రసైన్యం ఎందుకు గెలిచింది?' ఇదీ నాకిచ్చిన అంశం. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. మూడు కారణాలు రాసుకొచ్చాను. భూమి, జాతులు, రైళ్లు. అవి చెప్పాక, గెలిచిన ఆ ప్రభుత్వాన్నే నిలదీసిన క్రోన్‌స్టాట్ నావికుల దగ్గరికి వస్తాను.

భూమి సంగతి మీకు తెలిసిందే. 1917లో అధికారంలోకి వచ్చిన మర్నాడే బోల్షివిక్కులు, అంటే ఎర్రసైన్యాన్ని నడిపిన కమ్యూనిస్టులు, భూమి డిక్రీ (ఉత్తర్వు) తెచ్చారు. రైతులు అప్పటికే దొరల భూములు పంచేసుకుంటున్నారు. బోల్షివిక్కుల్ని ఎదిరించిన తెల్లసైన్యం ఏ జిల్లాలో అడుగుపెట్టినా వెనకాలే పాత దొర కూడా దిగుతాడేమోనని రైతుకి భయం. చాలాచోట్ల దిగాడు కూడా. తెల్లసైన్యం జనరల్ డెనికిన్ 1919 అక్టోబరులో ఒర్యోల్ దాకా వచ్చాడు. అక్కణ్ణించి మాస్కో నాలుగు వందల కిలోమీటర్లు కూడా లేదు. సరిగ్గా అప్పుడే వెనక ఉక్రెయిన్ పల్లెల్లో మఖ్నో అనే అరాచకవాది నడిపిన రైతు దళాలు డెనికిన్ సరఫరాలు తెంపేస్తున్నాయి. ఆ మఖ్నో మనుషులే మరుసటేడు క్రిమియాలో ఎర్రసైన్యం పక్కన నిలబడి, మరో తెల్ల జనరల్ రాంగెల్ మీద పోరాడారు. గెలిచాక నెల తిరక్కుండానే ఎర్రసైన్యం వాళ్ల మీదే పడింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రెండోది జాతులు. తెల్ల జనరల్స్‌ది ఒకటే పాట, అవిభాజ్య రష్యా, అంటే ఏ జాతినీ విడిపోనివ్వమని. సైబీరియాలో పాలకుడిగా ప్రకటించుకున్న కోల్చాక్, ఫిన్లాండ్ స్వాతంత్ర్యాన్ని గుర్తించనన్నాడు. ఇంకో తెల్ల జనరల్ యుదెనిచ్ పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) శివార్ల దాకా వచ్చినా పక్కనే ఉన్న ఫిన్లాండ్ సైన్యం కదల్లేదు. ఎందుకు కదులుతుంది చెప్పండి!

ఇక రైళ్లు. మాస్కో, పెట్రోగ్రాడ్, వాటి చుట్టూ ఉన్న రైలు మార్గాలు, ఆయుధ కర్మాగారాలు ఎర్రవాళ్ల చేతిలో ఉన్నాయి. తెల్లసైన్యాలు అంచుల్లో ఉన్నాయి, ఒకరి సైన్యానికి ఇంకొకరి సైన్యం అందదు. అన్నట్టు ఈ రైలు మార్గాల మీద మన సిపాయిలు కూడా పోరాడారు. 1918లో ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో బ్రిటిష్ వాళ్లు 19వ పంజాబీ దళాన్ని బోల్షివిక్కుల మీదకి దింపారు. దాని మీద వేరే సభ పెట్టండి, ఖర్చులు పెట్టుకుని వస్తాను.

రైళ్లున్నాయి సరే. రైల్లో రొట్టె ఏది? 1918 నుంచే పల్లెల్లో గింజలు లాక్కోవడం మొదలైంది. మన పెద్దవాళ్లకి లెవీ అంటే తెలుసు, నిజాం కాలంలో ఇంటికొచ్చి ధాన్యం కొలిపించుకున్న తీరు తెలుసు. అక్కడ తుపాకులు పట్టుకున్న దళాలు ఆ పని చేశాయి. విత్తనాలు కూడా మిగల్చలేదు. ఊరి మనిషి ఓ బస్తా పిండి తెచ్చుకుందామంటే దారిలో చెక్‌పోస్టులు. 1921 జనవరిలో పట్నాల్లో రొట్టె రేషన్ మూడో వంతు కోశారు. పెట్రోగ్రాడ్ కార్మికులు సమ్మెకి దిగారు. ఊరికి పడమట, సముద్రంలో ఒక దీవి ఉంది. దాని మీద కోట, క్రోన్‌స్టాట్.

ఇక్కడ ఒక మాట. మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి నేను. నున్నటి కాగితం, చవక ధర, ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. కుర్రతనంలో ఓ రాజకీయ తరగతిలో లేచి క్రోన్‌స్టాట్ గురించి అడిగాను. పాఠం చెప్పే ఆయన "అది తెల్లసైన్యం వాళ్ల కుట్ర, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఇవాళ మైకు దొరికింది కాబట్టి చెప్పే వెళ్తాను.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1918 జనవరి. ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న రాజ్యాంగ సభ తొలిసారి సమావేశమైంది. బోల్షివిక్కులకి దక్కింది నాలుగో వంతు సీట్లు. తెల్లవారుజామున జెలెజ్న్యాకోవ్ అనే నావికుడు అధ్యక్షుడు చెర్నోవ్ దగ్గరికెళ్లి, "గార్డులు అలసిపోయారు, ఇక లేవండి" అన్నాడు. ఆ సభ మళ్లీ కూర్చోలేదు. ఆ జెలెజ్న్యాకోవ్ క్రోన్‌స్టాట్ నావికుడే. విప్లవానికి గర్వకారణం మీరేనని బోల్షివిక్ నాయకుడు ట్రాట్‌స్కీ పొగిడింది కూడా ఆ నావికులనే.

మూడేళ్లు తిరిగాయి. 1921 ఫిబ్రవరి 28న 'పెట్రోపావ్‌లోవ్‌స్క్' అనే యుద్ధనౌక మీద నావికులు 15 డిమాండ్లతో తీర్మానం చేశారు. ఏమడిగారో వినండి. సోవియట్లకి, అంటే కార్మికులు, సైనికులు ఎన్నుకునే మండళ్లకి, రహస్య బ్యాలెట్‌తో మళ్లీ ఎన్నికలు పెట్టండి. కార్మికులకి, రైతులకి, వామపక్ష పార్టీలకి మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వండి. సోషలిస్టు ఖైదీలని వదిలేయండి. రేషన్ అందరికీ సమానంగా ఇవ్వండి. చెక్‌పోస్టులు తీసేయండి. కూలీల్ని పెట్టుకోకుండా తానే దున్నుకునే రైతుని వాడి మానాన వదిలేయండి. ఇందులో జార్ చక్రవర్తి ఎక్కడున్నాడు? దొర ఎక్కడున్నాడు? ముందు వరస వాళ్లని అడుగుతున్నాను, చెప్పండి!

మర్నాడు క్రోన్‌స్టాట్‌లోని యాంకర్ స్క్వేర్‌లో పదిహేను వేల మంది చేరారు. ప్రభుత్వం తరఫున కాలినిన్ వచ్చాడు. బ్యాండు మేళంతో స్వాగతం చెప్పారు. ఆయన మాట్లాడుతుంటే గోల చేసి ఆపేశారు, ఆ తర్వాత క్షేమంగా పంపించేశారు. కుట్రదారులు అలా పంపిస్తారా?

జారు కాలపు అధికారి కొజ్లోవ్‌స్కీ ఈ నావికుల్ని నడిపిస్తున్నాడని బోల్షివిక్కులు ప్రచారం చేశారు. ఆయన్ని కోట ఫిరంగుల ఉద్యోగంలో పెట్టింది సోవియట్ ప్రభుత్వమే. కోట మీద దాడికి ప్రభుత్వం పంపిన తుఖచేవ్‌స్కీ ఎవరు? ఆయనా జారు సైన్యంలో లెఫ్టినెంటే. పాత నావికులంతా పోయారు, వీళ్లంతా కొత్తగా చేరిన పల్లెటూరి కుర్రాళ్లన్నారు. రెండు పెద్ద నౌకల రికార్డులు చూస్తే ఎక్కువమంది 1918కి ముందు చేరినవాళ్లే.

చెర్నోవ్ గుర్తున్నాడు కదా, గార్డులు అలసిపోయారని లేపేసిన ఆయన. అప్పటికి ఎస్తోనియాలో ఉన్నాడు, సాయం పంపుతానని కబురు చేశాడు. తిరగబడ్డ నావికులు పెట్టుకున్న క్రోన్‌స్టాట్ కమిటీ ప్రస్తుతానికి వద్దంది. రాజ్యాంగ సభ కావాలని వాళ్లు అడగనే లేదు. తాము రక్తం ధారపోసి తెచ్చుకున్న సోవియట్‌లో ఓటు వేయనివ్వమన్నారు, అంతే.

మార్చి 7 రాత్రి కోట మీద ఎర్రసైన్యం మొదటి దాడి. సముద్రం గడ్డకట్టి ఉంది. తెల్లబట్టలు కప్పుకున్న సైనికులు మంచు మీద నడిచి వెళ్లారు. కోట ఫిరంగులు మంచుని పగలగొట్టాయి, కింద నీళ్లు. వెనక్కి తిరిగిన వాళ్ల మీద మన మరతుపాకులే... మన అంటున్నాను చూడండి, అలవాటు. ఎర్రవాళ్ల మరతుపాకులే గురిపెట్టి ఉన్నాయి. అదే సమయంలో మాస్కోలో బోల్షివిక్ పార్టీ పదో మహాసభ నడుస్తోంది, అక్కణ్ణించి మూడు వందల మంది ప్రతినిధుల్ని ఈ దాడికి పంపారు. మార్చి 15న గింజలు లాక్కోవడం ఆపి దాని బదులు పన్ను పెడదామని అదే మహాసభ తీర్మానించింది. అంటే నావికుల రైతు బాధ నిజమేనని ఒప్పుకున్నట్టే కదా! ఎన్నికల సంగతి మాత్రం ఒప్పుకోలేదు. 18 కల్లా కోట పడిపోయింది. ఆ రోజు పారిస్ కమ్యూన్ అనే కార్మికుల తిరుగుబాటుకి యాభై ఏళ్లు, దాని పేరున సభలు జరిపారు. సుమారు ఎనిమిది వేల మంది మంచు మీదుగా ఫిన్లాండ్ చేరారు. దొరికినవాళ్లలో రెండు వేల మందికి పైగా మరణశిక్షలు పడ్డాయి.

ఆ కమిటీ నాయకుడు పెట్రిచెంకో, నౌక మీద గుమాస్తా పని చేసినవాడు. అతన్ని 1945లో ఫిన్లాండ్ సోవియట్ ప్రభుత్వానికి అప్పగించింది. రెండేళ్లకి శిబిరంలో చనిపోయాడు. క్రోన్‌స్టాట్ వాళ్లు నేరస్థులు కారని 1994లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఉత్తర్వు ఇచ్చాడు. ఎవరు ఇచ్చారని కాదు, ఇవ్వడానికి 73 ఏళ్లు ఎందుకు పట్టిందని నా బాధ. మా కామ్రేడ్లు ఇప్పటికీ ఇవ్వలేదు.

మఖ్నో దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. అధ్యక్షుల వారు రెండో చీటీ పంపించారు, కాబట్టి రాను. ప్రశ్నల సమయంలో ఎవరైనా అడగండి, ప్లీజ్. అడిగినవాళ్లని నేను మాత్రం కూర్చోమనను.